ఘాట్‌లో ఎడమ మలుపు, గరువులో కుడి మలుపు

శృంగవరపుకోట నుంచి బైకు మీద అనంతగిరి ఘాట్ ఎక్కుతూ ఎడమ హెయిర్‌పిన్ దగ్గర, అంటే వెనక్కి ముడుచుకున్న మలుపు దగ్గర, తడబడే మనిషిని మర్నాడు పలాస అవతల జీడితోటల ఇసుక దారికి తీసుకెళ్ళండి. మాట మారిపోతుంది. "ఎడమకైతే బండి దానంతటదే ఒంగిపోతాది, కుడికి తిప్పాలంటేనే ఒళ్ళు బిగిసిపోతాది" అంటాడు. నిన్న ఎడమ కష్టం, ఇవాళ కుడి కష్టం. రెండూ నిజాలే, కారణాలు మాత్రం వేరు. ఈ రెంటినీ కలిపేసి "మనది కుడిచేతివాటం కదా, అంతే" అని సరిపెట్టుకోవడం వల్లే ఏళ్ళ తరబడి నడిపినవాళ్ళు కూడా ఒక పక్క మలుపును బాగుచేసుకోలేకపోతున్నారు.

ముందు తారు రోడ్డు సంగతి తేల్చేద్దాం. మనం రోడ్డుకు ఎడమ పక్కన నడుపుతాం. ఘాట్‌లో ఎడమ హెయిర్‌పిన్ అంటే మలుపు లోపలి అంచు. తిరగడానికి చోటు తక్కువ, ఎత్తు ఒక్కసారిగా లేస్తుంది, బండి ఆగిపోతుందేమోనన్న భయం ఉంటుంది. కుడి హెయిర్‌పిన్ బయటి అంచున పోతుంది కాబట్టి చోటు ఎక్కువ, ఎక్కుడు తక్కువ. మామూలు ఊరి రోడ్డు మీద లెక్క తిరగబడుతుంది. వాననీరు రెండు పక్కలకీ పోవడానికి రోడ్డు మధ్యలో ఉబ్బుగా ఉంటుంది. ఎడమ సగంలో పోయే బండి కింద నేల ఎడమకే వాలి ఉంటుంది. ఎడమ వంపులో ఆ వాలు టైరుకు ఆసరా ఇస్తుంది. కుడి వంపులో టైరు కింద నుంచి నేల జారిపోతున్నట్టు ఉంటుంది. యూటర్న్ సంగతికొస్తే, డివైడర్ దగ్గర మనం తిరిగేది ఎప్పుడూ కుడికే. గుడిలో ప్రదక్షిణం కుడికి తిరుగుతుంది, పరుగు పందెం ట్రాక్ ఎడమకు తిరుగుతుంది. మన ఒంటికి పుట్టుకతో ఒక దిక్కే అలవాటన్న మాట నిలవదు.

రోడ్డు వదిలి గరువులోకో (మెట్ట నేలలోకో), గెడ్డ (వాగు) ఒడ్డు దారిలోకో దిగాక వాలూ లేదు, ఎడమ పక్కన పోవాలన్న రూలూ లేదు. అయినా ఎక్కువమందికి కుడి మలుపే మొండికేస్తుంది. అక్కడ మిగిలింది మనిషీ, బండీ. నా దృష్టిలో అసలు కారణం ఒకటే. మలుపులో క్షణక్షణం సర్దుకోవలసిన మూడూ, అంటే యాక్సిలేటర్, ముందు బ్రేకు, వెనక బ్రేకు, బండికి కుడివైపే ఉన్నాయి. ఎడమవైపు ఉన్న క్లచ్, గేర్లతో అవసరం పడినప్పుడే పని. కుడికి తిరిగేటప్పుడు మనిషి తన పనిచేసే కాలునూ, పనిచేసే చేతినీ రెంటినీ ఇబ్బందిలో పెట్టుకుంటాడు.

కుడి పాదం వదిలేసిన బ్రేకు

మట్టి మలుపులో లోపలి కాలు బయటికి తీయడం అలవాటు. బరువు ముందుకు తెచ్చుకోవడానికీ, జారిన క్షణంలో నేలను తాకి బండిని నిలబెట్టుకోవడానికీ. ఎడమ మలుపులో బయటికి వచ్చేది ఎడమ కాలు, అంటే గేరు కాలు. మలుపు మధ్యలో గేరుతో పని లేదు. కుడి పాదం మాత్రం వెనక బ్రేకు మీదే ఉంటుంది. మలుపు మొదలు నుంచి చివరిదాకా దాన్ని కొద్దికొద్దిగా నొక్కుతూ వెనక చక్రాన్ని అదుపులో పెట్టుకోవచ్చు, వేగం కాస్త ఎక్కువైనా సర్దుకోవచ్చు.

కుడి మలుపులో బయటికి వచ్చేది బ్రేకు కాలే. తీసిన క్షణం నుంచి వెనక బ్రేకు లేదు. ముందు బ్రేకు, ఇంజిన్ పట్టు మాత్రమే మిగులుతాయి. వదులు గ్రావెల్ మీద బండి ఒంగి ఉండగా ముందు బ్రేకు గట్టిగా పట్టుకుంటే ముందు చక్రం జారుతుంది. ఆ సంగతి తెలిసిన మనిషి మలుపుకు ముందే భయపడి బిగుసుకుంటాడు. అందుకే కుడి మలుపు కష్టం అనేవాళ్ళలో చాలామందికి అసలు లోపం మలుపులో లేదు, మలుపుకు ముందు 10 మీటర్లలో ఉంది. ఎడమకు తిరిగేటప్పుడు చేసినట్టే వేగాన్ని మలుపులోకి మోసుకొచ్చి, అక్కడ తగ్గిద్దామని చూస్తారు. తగ్గించే కాలు గాలిలో ఉంటుంది.

ఈ మాట నిజమో కాదో చూసుకోవడానికి మన జిల్లాల్లో ఇంకా తిరుగుతున్న పాత బుల్లెట్లు ఉన్నాయి. వాటికి గేరు కుడి పాదం కింద, వెనక బ్రేకు ఎడమ పాదం కింద. అలాంటి బండి మీద లోపలి కాలు తీసి తిరిగితే, బ్రేకు పోయేది ఎడమ మలుపులో. గేర్లు లేని స్కూటర్లకైతే వెనక బ్రేకు ఎడమ చేతిలో ఉంటుంది. ఏ కాలు తీసినా పోయేదేమీ లేదు. కొత్త బైకు మీద కుడికి బిగుసుకునే మనిషి స్కూటర్ మీద రెండు వైపులా ఒకేలా తిరిగితే, దోషం కుడి పాదానిదని దాదాపు తేలిపోయినట్టే.

అమెరికాలో ఫ్లాట్ ట్రాక్ పందేల్లో, కోడిగుడ్డు ఆకారపు మట్టి ట్రాకుల మీద, బళ్ళు ఎడమకే తిరుగుతాయి. ఎడమ బూటుకు ఉక్కు తొడుగు వేసి నేల మీద జార్చుకుంటూ పోతారు, కుడి పాదం వెనక బ్రేకు మీద ఉంటుంది. ఆ అమరికకు సరిపోయే దిక్కు అది.

సీబీఎస్ (రెండు బ్రేకులూ కలిసి పడే ఏర్పాటు) ఉన్న బళ్ళవాళ్ళకు ఒక హెచ్చరిక. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ, అంతకు తక్కువ బళ్ళకు ఏబీఎస్ (చక్రం బిగుసుకోకుండా ఆపే ఏర్పాటు) లేకపోతే సీబీఎస్ తప్పనిసరి చేశారు. వాటిలో కాలి బ్రేకు గట్టిగా నొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. తారు మీద అది రక్ష. మట్టి మీద బండి ఒంగి ఉన్నప్పుడు కుడి పాదం బరువుగా పడితే, చేతితో తాకకుండానే ముందు చక్రం జారుతుంది. అలాంటి బండి మీద ఎడమ మలుపులో కూడా పాదాన్ని తేలిగ్గానే పెట్టాలి.

మణికట్టు దగ్గర ఏం జరుగుతుంది

రెండో కారణం చేయి. దీన్ని చాలామంది పట్టించుకోరు, నిదానపు మలుపుల్లో మాత్రం ఇదే పెద్దది. హ్యాండిల్‌ను కుడికి చివరిదాకా తిప్పి ఆపండి. కుడి గ్రిప్ మీ పొట్ట దగ్గరికి వస్తుంది. మోచేయి పక్కటెముకలకు తగులుతుంది, మణికట్టు మడత పడుతుంది. ఆ భంగిమలో యాక్సిలేటర్‌ను గోరంత తెరవడం, గోరంత మూయడం చేసి చూడండి. గోరంత అనుకున్నది బెత్తెడు అవుతుంది. చిన్న గతుకు తగలగానే ఒళ్ళు వెనక్కి పోతుంది, చేయి దాంతోపాటు గ్రిప్‌ను తిప్పేస్తుంది. బండి ఒక్క ఉరుకు ఉరికి మలుపు వెడల్పవుతుంది. భయపడి ఠక్కున మూసేస్తే బండి లోపలికి పడబోతుంది.

ఎడమకు చివరిదాకా తిప్పితే నలిగేది క్లచ్ చేయి. క్లచ్ వేళ్ళతో లాగేది కాబట్టి మణికట్టు మడత పడినా పని జరుగుతుంది. కుడి చేయి చాచుకుని దూరంగా పోతుంది. చేతులు పొట్టిగా ఉన్నవాళ్ళకు, వెనక్కి కూర్చునేవాళ్ళకు అక్కడా యాక్సిలేటర్ అందక చిక్కే. ముందుకు, ట్యాంకుకు ఆనుకుని కూర్చుంటే ఆ చిక్కు చాలావరకు పోతుంది.

కొంచెం వేగం మీద మరో సంగతి కలుస్తుంది. బండిని కుడికి ఒంచాలంటే కుడి గ్రిప్‌ను ముందుకు నెట్టాలి, ఎడమకు ఒంచాలంటే ఎడమ గ్రిప్‌ను. ఎడమ చేయి నెట్టేటప్పుడు దానికి వేరే పని లేదు. కుడి చేయి నెట్టేటప్పుడు అదే అరచేతిలో యాక్సిలేటర్ ఉంది. నెట్టడం, తిప్పడం, రెండూ ఒకే చేతితో అయ్యేసరికి రెండూ చెడతాయి. దీనికి మందు తేలిక. కుడి మలుపులో ఒంచే పని ఎడమ చేతికి అప్పగించండి. కుడి గ్రిప్‌ను నెట్టకుండా ఎడమ గ్రిప్‌ను మీ వైపు లాగండి. ఫలితం ఒకటే, కుడి చేయి తన ఒక్క పనే చూసుకుంటుంది.

గ్రిప్ పట్టే తీరు కూడా మార్చుకోవాలి. మణికట్టు కిందికి వేలాడేసి పట్టుకుంటే, తెరవడానికి చోటు తక్కువ, మూయడానికి ఎక్కువ. మలుపుకు ముందే చేతిని కాస్త బయటికి జరిపి, తలుపు గుండ్రటి పిడిని పట్టుకున్నట్టు ఏటవాలుగా పట్టుకుని, మోచేయి పైకి, పక్కకు లేపాలి. మోచేయి పక్కటెముకల నుంచి దూరంగా ఉంటే మణికట్టు తిన్నగా ఉంటుంది.

సైడ్ స్టాండ్ నేర్పిన పాఠం

సైడ్ స్టాండ్ ఎడమవైపు ఉంటుంది. బండి ఎక్కేది ఎడమ నుంచి, దిగేది ఎడమకు, ఆగిపోతే నెట్టుకెళ్ళేది దాని ఎడమ పక్కన నడుస్తూ. రోజుకు పదిసార్లు బండి ఎడమకు ఒంగి, దాని బరువు మన మీద పడుతుంది. ఎంత ఒంగితే ఇంకా ఆపగలమో, ఎక్కడ చేయి దాటిపోతుందో ఎడమవైపు మనకు తూకం వేసినట్టు తెలుసు. కుడివైపు ఆ కొలత లేదు. పైగా చాలా బళ్ళకు సైలెన్సర్ కుడివైపే. కుడికి పడితే పిక్క దాని కింద ఇరుక్కుంటుందన్న భయం ఉంటుంది, అది ఉత్తి భయం కాదు.

పనికొచ్చే అభ్యాసం ఒకటుంది, చూడ్డానికి వింతగా ఉంటుంది. ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, బండికి కుడి పక్కన నిలబడి కుడికి గుండ్రంగా నెట్టండి. బండిని మీ తుంటి మీదికి కొద్దిగా ఒంచుకుంటూ 5 చుట్లు. ముందు బ్రేకు మీద రెండు వేళ్ళు ఉండాలి. మొదటి చుట్టులో బండి మీద పడుతున్నట్టు ఉంటుంది, నాలుగో చుట్టుకు బరువు ఎక్కడ నిలుస్తుందో తెలుస్తుంది.

కాళ్ళ బలం సంగతి మనిషిని బట్టి ఉంటుంది. కుడికాలివాటం ఉన్నవాళ్ళు బంతిని కుడి కాలితో తంతారు, అప్పుడు ఒంటిని మోసేది ఎడమ కాలు. కుడి మలుపులో బయటి ఫుట్‌రెస్ట్ మీద బరువు మోసేదీ ఎడమ కాలే. కాబట్టి "కుడి కాలు బలమైనది, అందుకే ఎడమ మలుపు తేలిక" అన్న వాదన అంత గట్టిది కాదు. తేడా తెలుసుకోవాలంటే ఒక్కో కాలి మీద 30 సెకన్లు నిలబడి చూసుకోండి. పాత మోకాలి దెబ్బ, నడుం పట్టు, మెడ ఒక పక్కకు తిరగకపోవడం, ఇవన్నీ బండి మీద మలుపు సమస్యల్లాగే కనిపిస్తాయి. మెడ తిరగనివాడు మలుపు చివర చూడలేడు, ముందు చక్రం దగ్గరి రాయిని చూస్తాడు, తిన్నగా దాని మీదికే పోతాడు.

మనిషిని అనేముందు బండిని చూడాలి

అభ్యాసంతో పోని తేడా ఉంటే బండిని అనుమానించాలి. ఒకసారి గట్టిగా పడిన బండి అయితే ముందే అనుమానించాలి. ఇంజిన్ స్లో స్పీడులో పెట్టి హ్యాండిల్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పండి. ఏ పక్కకైనా ఇంజిన్ చప్పుడు పెరిగితే యాక్సిలేటర్ కేబుల్ బిగుతుగా ఉందనో, తప్పు దారిలో పోయిందనో అర్థం. ఆ పక్క మలుపులో బండి తనంతట తానే రైజ్ అవుతుంది. ఎంత నేర్పరికైనా అది ఉరుకుతుంది. గ్రిప్ దగ్గర 2 నుంచి 6 మి.మీ. వదులు ఉండాలి.

తర్వాత కోన్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు. సెంటర్ స్టాండ్ వేసి, ముందు చక్రం నేలకు తాకకుండా లేపి, హ్యాండిల్‌ను మధ్య నుంచి వేలితో రెండు పక్కలకూ కదపండి. రెండు వైపులా ఒకే బరువుతో వాలాలి. మధ్యలో గంటు తగిలినట్టు ఆగితే బేరింగ్ పళ్ళేలు అరిగాయి. ఒక పక్కకే బిగుతుగా ఉంటే కేబుళ్ళో వైరింగో లాగుతోంది.

గొలుసు బిగించేటప్పుడు స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) మీద రెండు పక్కలా గీతలు సమానంగా ఉంచుతారు. పాత బళ్ళలో ఆ గీతలనే నమ్మలేం. పొడవాటి నూలు దారాన్ని వెనక టైరు వెనక నుంచి చుట్టి, రెండు కొసలూ ముందు టైరుకు రెండు పక్కలా నేలకు సమానంగా బిగువుగా పట్టుకోండి. ముందు టైరుకీ దారానికీ మధ్య సందు రెండు పక్కలా ఒకటే ఉండాలి. లేకపోతే వెనక చక్రం వంకరగా కూర్చుంది, లేదా ముందు చక్రాన్ని మోసే ఫోర్కు గొట్టాలు వాటిని పట్టి ఉంచే టీలో మెలిపడ్డాయి. మెలిపడిన ఫోర్కుకు మెకానిక్‌లు చేసేది తేలికే. కింది టీ బోల్టులు, యాక్సిల్ వదులు చేసి, చక్రాన్ని మోకాళ్ళ మధ్య పట్టుకుని హ్యాండిల్ తిప్పి, వరస కుదిరాక మళ్ళీ బిగిస్తారు. ఫోర్కు గొట్టమే ఒంగితే ఈ వైద్యం పనిచేయదు.

బ్రేకు పెడల్ ఎత్తును ఎవరూ సర్దుకోరు. మడమ ఫుట్‌రెస్ట్ మీద ఉండగానే బూటు ముందు భాగం పెడల్ మీద వాలాలి. పెడల్ ఎత్తుగా ఉంటే పాదం ఎత్తి పెట్టాలి, ఎత్తిన పాదం నొక్కితే చక్రం బిగుసుకుంటుంది. డ్రమ్ బ్రేకు బళ్ళకు 20 నుంచి 30 మి.మీ. వదులు సామాన్యం, మీ బండి పుస్తకంలో రాసినదే ప్రమాణం. చెప్పులతో ఇవేవీ కుదరవు. చీలమండ కప్పే బూటు లేకుండా మట్టిలో కాలు తీయవద్దు.

ఏ కారణం మీది

సంక్రాంతి వెళ్ళాక, నూర్పులు అయిపోయిన కళ్ళం దీనికి మంచి చోటు. నేల గట్టిగా, చదునుగా ఉంటుంది, పైన పలచటి దుమ్ము పొర. ఆసామిని అడిగి, పొద్దున్నే వెళ్ళండి. మధ్యలో ఒక ఇటుక పెట్టి, 10 మీటర్ల అడ్డుకొలతతో గుండ్రంగా నాలుగు కొబ్బరి డొక్కలు పెట్టండి.

మొదట సైకిల్ మీద రెండు వైపులా 5 చుట్లు. యాక్సిలేటర్ లేదు, కాలి బ్రేకు లేదు. అక్కడ కూడా కుడికి తేడా ఉంటే కారణం మీ చూపులోనో, మెడలోనో, నడుంలోనో ఉంది. తేడా లేకపోతే బైకు ఎక్కి, మొదటి గేరులో, యాక్సిలేటర్ అసలు ముట్టకుండా, రెండు కాళ్ళూ ఫుట్‌రెస్టుల మీదే ఉంచి తిరగండి. ఇక్కడ తేడా కనిపిస్తే బండినీ, ఎడమవైపుకు అలవాటుపడ్డ తూకాన్నీ చూసుకోవాలి. మూడోసారి హాఫ్ క్లచ్ మీద యాక్సిలేటర్ ఇస్తూ, కాళ్ళు పైనే. ఇక్కడ తేడా మొదలైతే అది మణికట్టు. లైసెన్సు టెస్టులో 8 వేసేటప్పుడు కుడి సగంలో ఇబ్బంది పడేవాళ్ళను ముందు ఇక్కడే చూడాలి, ఎందుకంటే అక్కడ కాలు కింద పెట్టనివ్వరు, బ్రేకు పాదం తన చోటే ఉంటుంది. చివరగా లోపలి కాలు తీసి తిరగండి. ఇప్పుడు మాత్రమే తేడా వస్తే దోషం బ్రేకు పాదానిదే.

దిగి జాడలు చూడండి. దుమ్ములో అచ్చులు అబద్ధం చెప్పవు. బాగా తిరిగిన వైపు రెండు టైర్ల గీతలూ నునుపుగా, ఒకదాని లోపల ఒకటి గుండ్రంగా ఉంటాయి. బాగా రాని వైపు ఆ గీత గుండ్రంగా ఉండదు. కొంత దూరం తిన్నగా పోయి, ఠక్కున మెలి తిరిగి, మళ్ళీ తిన్నగా పోతుంది. మెలి తిరిగిన చోట వెనక టైరు గీకిన చిన్న గాడి ఉంటే అక్కడ యాక్సిలేటర్ ఉరికింది. గాడి లేకుండా ముందు టైరు అచ్చు వెడల్పుగా నలిగి ఉంటే అక్కడ ఠక్కున మూశారు, లేదా ముందు బ్రేకు ముట్టారు.

సాధన మణికట్టుదైతే వలయం 10 మీటర్ల నుంచి మొదలుపెట్టి మీటరు చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. గీత నునుపుగా వచ్చేదాకా తగ్గించకూడదు. చెడ్డ వైపు రెండు వంతులు, మంచి వైపు ఒక వంతు, మొదలు మాత్రం మంచి వైపు నుంచి. ఒళ్ళు అక్కడ నేర్చినది చెడ్డ వైపుకు పట్టుకుపోతుంది. హాఫ్ క్లచ్ మీద 10 నిమిషాలకు మించి తిప్పవద్దు. క్లచ్ ప్లేట్లు వేడెక్కుతాయి, గాలితో చల్లబడే ఇంజిన్‌కు నిదానంలో గాలీ తగలదు. ఆపి, చల్లారనివ్వండి.

బ్రేకు పాదానిదైతే చేయాల్సింది క్రమం మార్చడం. కుడి మలుపుకు దూరంగానే, బండి తిన్నగా ఉండగానే రెండు బ్రేకులతో వేగం తగ్గించాలి, గేరు అప్పుడే దించాలి. ట్యాంకు దగ్గరికి జరిగి కూర్చోవాలి. బండి ఒంగడం మొదలయ్యేదాకా పాదం పెడల్ మీదే ఉండాలి. ఒంగాక, యాక్సిలేటర్ కొద్దిగా తెరిచే క్షణంలోనే కాలు తీయాలి. అంటే బ్రేకు అవసరం తీరిన తర్వాతే కాలు బయటికి రావాలి. ఇందులో తప్పు ఎప్పుడూ ఒకటే, కాలు ముందే వచ్చేస్తుంది. తీసిన కాలు పక్కకు కాదు, ముందుకు పోవాలి. మోకాలు కొద్దిగా మడిచి, బొటనవేలు పైకెత్తి, ముందు చక్రం ఇరుసు వైపుకు. పక్కకు చాచిన పాదం నేలలో గుచ్చుకుంటే బండి ముందుకు పోతుంది, చీలమండ వెనకే ఉండిపోతుంది. ఎడమ మోకాలు ట్యాంకును అదిమి పట్టాలి, ఒంటి బరువు ఎడమ ఫుట్‌రెస్ట్ మీద ఉండాలి. వేగం తక్కువైతే కాలు తీయనే అక్కర్లేదు, పాదం బ్రేకు మీదే పెట్టుకుని తిరగొచ్చు. అలవాటుకొద్దీ కాలు తీసేవాళ్ళే ఎక్కువ.

ఉద్దానం ఇసుకలోనూ, ఎండాకాలం నాగావళి, వంశధార పాయల్లోనూ ఒక మార్పు ఉంది. ఇసుకలో యాక్సిలేటర్ మూస్తే బరువు ముందుకు పడి ముందు చక్రం దిగబడుతుంది. కుడి మలుపులో మణికట్టు మడతపడి, తెలియకుండానే గ్రిప్ మూసుకునేది సరిగ్గా అప్పుడే. అందుకే గట్టి నేల మీద కుడికి బాగానే తిరిగేవాళ్ళు ఇసుకలో కుడికే పడుతుంటారు. ఇసుకలో వలయం 15 మీటర్లకు పెంచండి, కాస్త వెనక్కి కూర్చోండి, రెండో గేరులో ఒకే తీరు రైజ్ మీద ఉంచండి, ముందు బ్రేకు నుంచి వేళ్ళు పూర్తిగా తీసేయండి. టైర్లలో రోడ్డు కన్నా 4, 5 పీఎస్‌ఐ గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుంది. మళ్ళీ తారెక్కేముందు కొట్టించాలి. జీడాకులు ఎండి రాలిన చోట ఇసుక పైన ఆకుల పొర ఉంటుంది. దాని మీద ఏ పక్కకూ ఒంగవద్దు, బండిని నిలువుగా దాటించి ఆ తర్వాతే తిప్పండి.

కుడికి పడ్డాక వెంటనే స్టార్ట్ చేసి పోవద్దు. పెడల్ ఇంజిన్ వైపు ఒంగిందేమో, నొక్కి వదిలితే పూర్తిగా వెనక్కి వస్తోందేమో చూడండి. కుడి గ్రిప్ చివర ఇసుక దూరితే యాక్సిలేటర్ తెరిచిన చోటే పట్టేస్తుంది. తిప్పి వదిలి, ఠక్కున తనంతట మూసుకుంటేనే కదలండి. బ్రేకు, క్లచ్ లివర్ల బిగింపు బోల్టులను ముందే మరీ బిగించకుండా, మామూలుగా పట్టుకున్నప్పుడు కదలకుండా, గట్టిగా కొడితే మాత్రం తిరిగేంత వదులుగా ఉంచితే, పడినప్పుడు లివర్ విరగదు, తిరుగుతుంది. చేత్తో మళ్ళీ తిప్పుకుని ఇంటికి రావచ్చు.